లాప్‌టాప్ సరిగ్గా ఆన్ అవ్వట్లేదా? రీసెట్ కొట్టే ముందు ఇవి చూడండి

లాప్‌టాప్ ఓపెన్ అవ్వకపోతే చాలామంది కంగారుపడి వెంటనే విండోస్ మళ్ళీ ఎక్కించేస్తారు, దయచేసి అలా చేయకండి, మీ ఫొటోలు, ఫైళ్ళు అన్నీ అందులోనే ఉన్నాయి. ముందు అది ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతోందో చూడండి. బటన్ నొక్కితే అసలు లైటే వెలగట్లేదా, ఫ్యాన్ తిరుగుతోంది కానీ స్క్రీన్ నల్లగా ఉందా, లేక లోగో వచ్చి చుక్కలు తిరుగుతూ అక్కడే ఉండిపోతోందా? అది తేలితే సగం పని అయిపోయినట్టే.

లైటే రాకపోతే

ఛార్జర్ వేరే ప్లగ్‌లో పెట్టి చూడండి. టైప్-సి పిన్ అయితే చాలామంది ఫోన్ ఛార్జర్ పెట్టేసి రావట్లేదంటారు, చాలా లాప్‌టాప్‌లకి 45 లేదా 65 వాట్లు కావాలి, ఫోన్‌ది సరిపోకపోవచ్చు. అప్పటికీ రాకపోతే ఛార్జర్ తీసేసి, మౌస్, పెన్‌డ్రైవ్ లాంటివన్నీ పీకేసి, బ్యాటరీ బయటికి ఊడొచ్చేదైతే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు గట్టిగా పట్టుకోండి. బోర్డులో మిగిలిపోయిన కరెంటు పోయి పవర్ చూసుకునే చిప్ మళ్ళీ మొదట్నుంచి స్టార్ట్ అవుతుంది. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి, చాలాసార్లు దీంతోనే లేస్తుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, అడుగు భాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ ఉబ్బినట్టే, ఇక ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, నేరుగా మెకానిక్‌కి ఇచ్చేయండి.

స్క్రీన్ నల్లగా ఉంటే

విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది. కుదరకపోతే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి పెట్టండి, టీవీలో బొమ్మ వస్తే లాప్‌టాప్ బాగానే ఉంది, తేడా స్క్రీన్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది. ఏమీ రాకుండా బీప్ శబ్దాలు వస్తున్నా, లైటు మినుకుమినుకుమంటున్నా ఎన్నిసార్లో లెక్కపెట్టుకోండి, ఆ లెక్కకి అర్థం కంపెనీ సపోర్ట్ పేజీలో ఉంటుంది. లోపలి మెమరీ కార్డు, అదే ర్యామ్, వదులైనా ఇలాగే అవుతుంది.

లోగో దగ్గర ఆగిపోతే

ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లోకి వెళ్ళండి, ఆన్ చేయగానే నొక్కాల్సింది కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10 లేదా డిలీట్ కీ. అక్కడ మీ ఎస్ఎస్‌డీ (విండోస్, ఫైళ్ళు ఉండే డిస్క్) పేరు కనిపించకపోతే అది వదులైందో పోయిందో, ఇక విండోస్ రిపేర్లు ఎన్ని చేసినా టైమ్ వేస్ట్. కనిపిస్తోందా, అయితే లోగో రాగానే పవర్ బటన్ పట్టుకుని ఆఫ్ చేయండి, ఇలా రెండుమూడు సార్లు చేస్తే విండోసే రిపేర్ స్క్రీన్ చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. ముందు స్టార్టప్ రిపేర్, ఈమధ్య అప్‌డేట్ పడ్డాకే గొడవ మొదలైతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, తర్వాత సిస్టమ్ రీస్టోర్. అవీ పనిచేయకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ కొట్టి 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది, అందులో బాగా నడిస్తే కొత్తగా వేసిన డ్రైవరో యాపో కారణమని గట్టిగా అనుమానించొచ్చు, దాన్ని తీసేయండి.

మధ్యలో బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) 48 అంకెల కీ అడిగితే భయపడకండి, ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి చూడండి, చాలామందికి అక్కడే సేవ్ అయి ఉంటుంది.

ఇక రీసెట్ తప్పదనుకుంటే

ముందు డేటా తీసుకోండి, ఇది మాత్రం వదిలేయొద్దు. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవ్ తయారుచేసి దాంతో లాప్‌టాప్ స్టార్ట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై ఉబుంటు అన్నది ఎంచుకుంటే మీ ఫైళ్ళు కనిపిస్తాయి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసేసుకోండి, బిట్‌లాకర్ ఉంటే ఇక్కడా ఆ కీ కావాలి. పాత హార్డ్ డిస్క్ టక్ టక్‌మని కొడుతుంటే మాత్రం మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకండి, డేటా రికవరీ వాళ్ళకి చూపించండి.

అప్పుడు అదే ట్రబుల్‌షూట్‌లో రీసెట్ దిస్ పీసీ, అందులో కీప్ మై ఫైల్స్. ఫైళ్ళు ఉంటాయి కానీ మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి. దానికీ లేవకపోతే వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ చేసుకుని కొత్తగా ఎక్కించండి, ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీదే వాడండి.