టాప్‌లో కనిపించని ర్యామ్: ఒక హాస్టల్ గేట్‌వే కథ

సమస్య

కడపలో ఎర్రముక్కపల్లి వైపు ఒక హాస్టల్. 150 మంది పిల్లలకు నెట్ పంచే గేట్‌వే ఒక పాత లైనక్స్ పీసీ, 512 ఎంబీ ర్యామ్. నాలుగైదు రోజులకోసారి ఫోన్ వస్తుంది: "అన్నా, మళ్లా నెట్ పోయింది." పోయి చూస్తే ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రోగ్రామ్‌ను ఆపేసే లైనక్స్ ఏర్పాటు) డీహెచ్‌సీపీ సర్వీసును, అంటే ఫోన్లకు ఐపీ అడ్రసులిచ్చేదాన్ని, చంపేసి ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ ఎంత మెమరీ వాడుతోందో చూపే టాప్ కమాండ్‌లో చూస్తే ఏ ప్రాసెసూ 15 ఎంబీ దాటలేదు, ఫ్రీ కమాండ్ మాత్రం ఖాళీ లేదంటుంది. రీబూట్ కొడితే మళ్లీ నాలుగు రోజులు సుఖం.

ఎక్కడ వెతకాలి

కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) తన కోసం తీసుకున్న మెమరీని టాప్ ఎవరి పద్దులోనూ రాయదు. మెమ్‌ఇన్ఫో ఫైల్లో ఎస్‌అన్‌రిక్లెయిమ్ వరుస చూడండి, అది కెర్నెల్ తిరిగి వదలలేని మెమరీ. అది రోజురోజుకూ పెరుగుతుంటే స్లాబ్‌టాప్ నడిపి, సైజు ప్రకారం పేర్చండి. కెర్నెల్ తన మెమరీని స్లాబ్‌లనే ముక్కలుగా వాడుతుంది, ఏ ముక్కలు దేనికి పోయాయో ఇది చూపిస్తుంది. పైన డెంట్రీ, ఐనోడ్ లాంటివి (ఫైళ్ల వివరాల క్యాష్) కనిపిస్తే కంగారొద్దు, అవసరమైతే కెర్నెల్ వాటిని వదిలేస్తుంది. నాకు పైన కనిపించింది ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్, అంటే పీసీ గుండా పోయే కనెక్షన్లను కెర్నెల్ రాసుకునే టేబుల్: 4,10,000 ఎంట్రీలు, ఒక్కోటి 320 బైట్లు. అంటే 131 ఎంబీ!

కారణం

తప్పు నాదే. అంతకుముందు డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) "టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్" అని వస్తుంటే, నెట్‌లో ఎవరో రాసింది చూసి కాన్‌ట్రాక్ మ్యాక్స్‌ను, అంటే ఆ టేబుల్‌లో పట్టే ఎంట్రీల హద్దును, 10 లక్షలకు పెంచాను. అది 32 జీబీ సర్వర్‌కు రాసిన సలహా. మన పెట్టెలో ఆ టేబుల్ నిజంగా నిండితే 320 ఎంబీ కావాలి.

అసలు టేబుల్ ఎందుకు నిండిందో నేను అడగలేదు. నాట్ చేసే (అందరి ఫోన్లనూ ఒకే ఐపీ అడ్రసుతో నెట్‌కు కలిపే) పీసీ ప్రతి కనెక్షన్‌కూ ఒక ఎంట్రీ రాసుకుంటుంది. ఫోన్ వైఫై వదిలి బయటికి పోతే ముగింపు ప్యాకెట్ రాదు. అలాంటి టీసీపీ ఎంట్రీని లైనక్స్ మామూలుగా 4,32,000 సెకన్లు, అంటే 5 రోజులు, దాచిపెడుతుంది. పిల్లలు సోమవారం వాడి వదిలేసిన కనెక్షన్లు శనివారం దాకా నా ర్యామ్‌లోనే.

పరిష్కారం

కాన్‌ట్రాక్‌లో ఈ 5 రోజుల గడువు పేరు ఎస్టాబ్లిష్డ్ టైమౌట్. దాన్ని 7,440 సెకన్లకు దించండి. నాట్ పెట్టెలు టీసీపీ కనెక్షన్‌ను కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలని ఆర్ఎఫ్‌సీ 5382 అనే ఇంటర్నెట్ ప్రమాణం చెబుతుంది, ఇది సరిగ్గా అంతే. ఇంకా తగ్గిస్తే ఊరికే తెరిచి ఉంచిన ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి వేరే కంప్యూటర్‌లోకి లాగిన్) సెషన్లు తెగుతాయి. ఆ తర్వాత మ్యాక్స్‌ను 65,536కు తెచ్చాను. నిండినా 21 ఎంబీయే.

మార్చిన వెంటనే ఎంట్రీల లెక్క పడిపోలేదని నేను గంటసేపు తల పట్టుకున్నాను. పాత ఎంట్రీలకు పాత గడువే ఉంటుంది, కొత్త ప్యాకెట్ వస్తేనే మారుతుంది. ఆగలేకపోతే రాత్రి పూట టేబుల్ ఖాళీ చేయండి, ఉన్న కనెక్షన్లు ఒకసారి తెగుతాయి. ఎంట్రీలు పోయినంత వేగంగా మెమరీ కూడా తిరిగి రాదు: స్లాబ్‌లో ఒక్కటి మిగిలినా ఆ స్లాబ్ మొత్తం ఆగుతుంది.

కాన్‌ట్రాక్ కాకపోతే

కనెక్షన్ల బఫర్లు (డేటా ఆగే చోట్లు) ఎంత మెమరీ తింటున్నాయో చూపే సాక్‌స్టాట్ ఫైల్లో టీసీపీ వరుస చివరన మెమ్ అంకె చూడండి. అది పేజీల లెక్క, 4 కేబీతో గుణించాలి. పెద్దగా ఉంటే ఆ పీసీలోనే నడిచే ప్రాక్సీయో వెబ్ సర్వరో కారణం. టీసీపీ ఆర్‌మెమ్, డబ్ల్యూమెమ్‌లలో (తీసుకునే, పంపే బఫర్ల సెట్టింగులు) మూడో అంకెను, అంటే గరిష్ఠాన్ని, తగ్గించండి, మొదటి రెండూ ముట్టుకోకండి.

స్లాబ్‌లోనూ సాక్‌స్టాట్‌లోనూ లేకుండా మెమరీ మాయమైతే నెట్‌వర్క్ కార్డు రింగ్ బఫర్లను (ప్యాకెట్లు క్యూ కట్టే చోటు) అనుమానించండి. ఈత్‌టూల్ కమాండ్‌తో చూస్తే నా రెండు కార్డుల్లోనూ 4,096 ఉంది (అదీ నా చలవే). ఒక్కో బఫర్ 2 కేబీ అనుకున్నా కార్డుకు 8 ఎంబీ. 512కు దించాను. మార్చేటప్పుడు లింక్ ఒక్క క్షణం పడిపోతుంది, తర్వాత డ్రాప్ (పోయిన ప్యాకెట్ల) లెక్క పెరుగుతోందేమో ఒక సాయంత్రమైనా గమనించండి.

స్లాబ్‌టాప్‌లో ఎస్‌కేబఫ్ హెడ్ క్యాష్ (కెర్నెల్ చేతిలో ఉన్న ప్యాకెట్ల వరుస) తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు కూడా తగ్గకుండా ఎక్కుతూనే ఉంటే డ్రైవర్ లీక్, అంటే కార్డు డ్రైవర్ తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వట్లేదు, అనుకోవచ్చు. అక్కడ ఏ సెట్టింగూ పనిచేయదు. కెర్నెల్ అప్‌డేట్ చేయండి, లేదా కార్డు మార్చి రెండు రాత్రులు చూడండి.