రోహిణి కార్తె రాకముందే ఇంట్లో వైర్లన్నీ పరీక్షించుకోండి

“బాగానే ఎక్కుతోంది కదరా, ఎందుకు పారేయడం?” అంది మా అమ్మ. ఆమె చేతిలోని చార్జింగ్ వైరుకు పిన్ను మెడ దగ్గర తొడుగు విడిపోయి, లోపలి సన్నని తీగలు కనిపిస్తున్నాయి. కిందటి మే నెల సంగతి ఇది. ఆ మధ్యాహ్నం ఫోనును చార్జింగ్‌కు పెట్టి, దిండు పక్కనే ఉంచుకుని కునుకు తీసింది. లేచేసరికి దిండు గలీబు మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ పడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే కాలిన ప్లాస్టిక్ వాసన. ఆమె ఇంకో గంట నిద్రపోయి ఉంటే ఏమయ్యేదోనని తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ పుడుతుంది.

విజయవాడ గవర్నర్‌పేటలో ఫోన్లు, లాప్‌టాప్‌లు బాగుచేయడం నా వృత్తి. దుకాణానికి వచ్చేవారు కూడా మా అమ్మ అన్న మాటే అంటారు. చార్జింగ్ ఎక్కుతోందంటే వైరు మంచిదేనని వారి నమ్మకం. లోపల సగం తీగలు తెగిపోయిన వైరుతో కూడా ఫోను చార్జ్ అవుతుంది. మిగిలిన సగం తీగలు ఆ కరెంటంతా మోస్తూ వేడెక్కుతాయి. తెర మీద కనిపించే బ్యాటరీ గుర్తు ఆ వేడి సంగతి మనకు చెప్పదు.

వైరులో పుట్టే వేడి గది వేడికి తోడవుతుంది. వేసవికి ముందే ఈ పని పెట్టుకోమని నేను పట్టుబట్టేది అందుకే. డిసెంబరులో గది 25 డిగ్రీలు ఉండి, పిన్ను దగ్గర ఇంకో 25 డిగ్రీలు పెరిగితే మొత్తం 50. అదే వైరు, అదే చార్జరు, మే నెలాఖరున రేకుల ఇంట్లో మధ్యాహ్నం 42 డిగ్రీల గదిలో ఉంటే పిన్ను 67 డిగ్రీలకు చేరుతుంది. మామూలు పీవీసీ తొడుగును 70 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారు చేస్తారు. దాని మీద దిండో దుప్పటో కప్పితే గాలి ఆడక ఆ మూడు డిగ్రీల అంతరం కూడా మిగలదు. రోళ్లు పగులుతాయని పేరున్న రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. ఏప్రిల్ నెలాఖరులోనో మే మొదటి వారంలోనో ఒక ఆదివారం ఉదయం గంటసేపు కూర్చుంటే ఇంట్లో వైర్లన్నీ చూడవచ్చు.

అన్నిటినీ తెచ్చి ఒక చాప మీద పరవండి. సొరుగులో ఉన్నవి, పిల్లల హాస్టల్ సంచిలోవి, కారులోవి, టీవీ వెనకవి, అన్నీ. మొదట కళ్లతోనే చూడండి. పిన్ను మెడ దగ్గర తొడుగు పగిలిందా, ఎక్కడైనా ఉబ్బిందా, బంకబంకగా తగులుతోందా, పిన్ను లోపలి బంగారు రంగు పళ్లలో ఏదైనా నల్లబడిందా అని గమనించండి. నల్లబడిన పన్ను అంటే అక్కడ నిప్పురవ్వ లేచిందనో, తుప్పు పట్టిందనో లెక్క. అలాంటిదాన్ని రుద్ది శుభ్రం చేసి మళ్లీ వాడవద్దు. టేపు చుట్టిన వైర్లను కూడా అప్పుడే పక్కన పెట్టేయండి. టేపు తొడుగును కప్పుతుంది గాని, తెగిన తీగలను అతకదు.

చూపుకు నిలిచిన వాటిని చార్జింగ్‌కు పెట్టి పరీక్షించాలి. ఫోను బ్యాటరీ 50 శాతం లోపు ఉన్నప్పుడే ఈ పరీక్ష పనికొస్తుంది. బ్యాటరీ నిండే కొద్దీ ఫోను తీసుకునే కరెంటు తగ్గిపోతుంది కాబట్టి, 90 శాతం దగ్గర చెడ్డ వైరు కూడా చల్లగానే ఉంటుంది. వైరును రెండు చివర్ల దగ్గరా నాలుగు వైపులకూ మెల్లగా వంచండి. చార్జింగ్ గుర్తు ఒక్కసారి ఆరి వెలిగినా లోపల తీగ తెగిందనో, పట్టు వదులైందనో అన్నమాటే. తర్వాత పావుగంట వదిలేసి, మణికట్టు లోపలి వైపు చర్మాన్ని పిన్నుకు ఆనించి చూడండి. అరచేయి మొద్దు, మణికట్టు వేడిని త్వరగా పసిగడుతుంది. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి తీసేయాలనిపిస్తే ఆ వైరు పని అయిపోయింది. వైరంతా చల్లగా ఉండి పిన్ను ఒక్కటే కాలుతుంటే అక్కడ పట్టు వదులైందని అర్థం. 3 ఆంపియర్ల కరెంటు 0.1 ఓమ్ నిరోధం ఉన్న వదులు జాయింటు గుండా పోతే, గోరంత లోహం మీద 0.9 వాటు వేడి నిలుస్తుంది. ఈ లక్షణం కనిపిస్తే వైరుతోపాటు ఫోను సాకెట్టును కూడా అనుమానించాలి. జేబులోని నూలు పోగులు లోపల పేరుకుపోయి పిన్ను పూర్తిగా దిగకపోవడం నేను రోజూ చూస్తాను. ఫోను ఆపి, చెక్క పళ్లపుల్లతో వాటిని తీయవచ్చు. గుండుసూది మాత్రం పెట్టవద్దు.

ఇంకాస్త కచ్చితంగా తెలుసుకోవాలంటే ఒక చిన్న యూఎస్‌బీ మీటరు కొనండి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. టైప్-సీ మీటరును మొదట చార్జరు వైపు, తర్వాత ఫోను వైపు పెట్టి రెండు చోట్లా వోల్టులు రాసుకోండి. ఆ రెండింటి తేడాయే వైరు మింగేసినది. టైప్-సీ ప్రమాణం ప్రకారం వైరు తన పూర్తి కరెంటు మోస్తున్నప్పుడు ప్లస్ తీగలో 0.5 వోల్టు, కరెంటు తిరిగి వచ్చే గ్రౌండ్ తీగలో 0.25 వోల్టు మించి పడిపోకూడదు. ఆ లెక్కన 3 ఆంపియర్ల వైరులో రెండూ కలిపి 3 ఆంపియర్లకు 0.75, 2 ఆంపియర్లకు 0.5 వోల్టు హద్దు. మీటరు లేకపోతే గడియారం చాలు. అదే ఫోను, అదే చార్జరు, అదే సాకెట్టు ఉంచి, తెర ఆపేసి, 20 నుంచి 40 శాతానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఒక్కో వైరుకూ చూడండి. ఫోనుతోపాటు వచ్చిన వైరుకు 12 నిమిషాలు పట్టి, మరోదానికి 25 పడితే ఆ రెండోది లోపల సన్నటి తీగలదై ఉండవచ్చు.

తీగ మందం మాట వచ్చింది కాబట్టి కొంచెం లోతుగా చెబుతాను, మోసం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. కొన్ని వైర్ల తొడుగు మీద చిన్న అక్షరాల్లో ఏడబ్ల్యూజీ అనే గేజి సంఖ్య ఉంటుంది. సంఖ్య పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. మీటరు పొడవు వైరులో కరెంటు వెళ్లి రావడానికి 28 గేజి రాగి తీగలు వాడితే నిరోధం దాదాపు 0.43 ఓమ్. 2 ఆంపియర్లు పోతే 0.85 వోల్టు దారిలోనే ఖర్చయిపోతుంది. 24 గేజి అయితే ఆ నష్టం 0.34 వోల్టు. తొడుగు మీద 28, 24 అని రెండు సంఖ్యలుంటే, డేటా తీగలకు 28, కరెంటు తీగలకు 24 అని చదువుకోవాలి. లావుగా, నేత తొడుగుతో అందంగా ఉన్నంత మాత్రాన లోపల లావు తీగ ఉందనుకోకండి.

మా అమ్మ దగ్గర తీసుకున్న ఆ వైరును దుకాణంలో బల్ల మీద కోసి చూశాను. బయటి ప్లాస్టిక్ పిండి వంటల గొట్టంలా మందంగా ఉంది. మధ్యలో ఎర్ర తొడుగు, నల్ల తొడుగు, ఒక్కోదానిలో వెంట్రుకల్లాంటి తీగలు ఏడేసి. పైకి రాగి రంగు. ఒక పోగును గాజు పలక మీద పెట్టి బ్లేడుతో మెల్లగా గీకితే ఎరుపు లేచిపోయి వెండిలా తెల్లగా మెరిసింది. అది రాగి పూత పూసిన అల్యూమినియం. రాగితో పోలిస్తే అల్యూమినియం కరెంటును మోసే శక్తి 60 శాతం ప్రాంతంలోనే ఉంటుంది, వంచితే త్వరగా తెగుతుంది కూడా. మంచి వైర్లలో కొన్నింటికి రాగి మీద తగరం పూత ఉంటుంది, వాటిని చూసి కంగారు పడవద్దు. వాటి వరస తలకిందులు, పైకి తెలుపు, గీకితే ఎరుపు. పాత వైరు పారేసే ముందు ఒకసారి ఇలా కోసి చూస్తే, అదే రకం వైర్లు ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయో గుర్తుపట్టగలరు. తీగకు అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే.

తీగ మంచిదైనా జాయింట్లు తప్పుగా కలిపితే అంతే సంగతులు. గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియూంగ్ 2015లో ఆన్‌లైన్‌లో అమ్మే టైప్-సీ వైర్లను కొని ఒక్కొక్కటే పరీక్షించి, ఫలితాలు అందరికీ తెలియజేశారు. పాత వెడల్పు యూఎస్‌బీ నుంచి టైప్-సీకి వెళ్లే వైరులో 56 కిలో ఓమ్‌ల రెసిస్టరు, అంటే కరెంటును అడ్డుకునే చిన్న భాగం, ఉండాలి. అది చూసే ఫోను ఎంత కరెంటు అడగాలో తెలుసుకుంటుంది. చాలా వైర్లలో దాని బదులు 10 కిలో ఓమ్‌లది పెట్టారు. అప్పుడు ఫోను ఏకంగా 3 ఆంపియర్లు అడుగుతుంది, చిన్న చార్జరు అంత ఇవ్వలేక కాగిపోతుంది. 2016 మొదట్లో ఆయన పరీక్షించిన ఒక వైరులో ప్లస్, గ్రౌండ్ తారుమారై ఉండటంతో ఆయన లాప్‌టాప్ పాడైపోయింది. ఆ ఏడాదే అమెజాన్ సంస్థ ప్రమాణాలకు తగని టైప్-సీ వైర్లను తన సైట్లో అమ్మకుండా నిషేధించింది. కొత్త వైరును మొదటిసారి ఖరీదైన లాప్‌టాప్‌కు తగిలించకుండా, మీటరుకో పాత ఫోనుకో పెట్టి చూడమని నేను చెప్పేది ఆ ఉదంతం చదివాకే.

లాప్‌టాప్‌కు టైప్-సీ వైరు వాడేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు టైప్-సీ వైరు 3 ఆంపియర్ల వరకే, అంటే 60 వాట్ల దాకా మోస్తుంది. అంతకు మించి 5 ఆంపియర్లు పంపాలంటే పిన్నులో చిన్న చిప్పు ఉండాలి. కొనేటప్పుడు 100 లేదా 240 వాట్లు అని రాసి ఉందా అని చూడండి. టీవీకి బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ, ఇంటర్నెట్ తెచ్చే లాన్ వైర్లకు వేడి భయం లేదు, బొమ్మ, నెట్ ఆగకుండా వస్తే చాలు.

చార్జరు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. పేరు రాకపోయినా, పెట్టె మీది పేరుతో కలవకపోయినా ఆ చార్జరు వద్దు. బీసెంట్ రోడ్డు బండ్ల మీద కొన్నవన్నీ చెడ్డవని నేను అనను, పెద్ద దుకాణాల్లో కొన్నవన్నీ మంచివనీ చెప్పలేను. ఎక్కడ కొన్నా బిల్లు అడగండి. వస్తువు మోసమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడానికి ఆ కాగితమే ఆధారం.

వేసవిలో ఫోను వైరు కంటే ప్రమాదకరమైనవి జంక్షన్ బాక్సూ, కూలరూ. 6 ఆంపియర్ల ప్లగ్గు ఉన్న జంక్షన్ బాక్సు మోయగలిగేది దాదాపు 1,380 వాట్లే. దానికే ఇండక్షన్ స్టవ్వు, కూలరు, టీవీ తగిలిస్తే గోడ సాకెట్టు దగ్గర కాలిన మచ్చ రావడం ఖాయం. ఏసీని అసలు జంక్షన్ బాక్సుకు పెట్టకూడదు. వైరును చుట్టగా చుట్టి మంచం కింద తోసి వాడకండి, చుట్ట మధ్యలో వేడి బయటకు పోదు. అరగంట వాడాక స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి పళ్ల దగ్గర తాకి చూడండి. ప్లగ్గుకు ఐఎస్‌ఐ ముద్ర ఉండాలి.

రేకు కూలరు విషయంలో మాత్రం అజాగ్రత్త ప్రాణాల మీదికి వస్తుంది. నీళ్లు, ఇనుము, తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, ఈ నాలుగూ ఒక్కచోట ఉంటాయి. చాలా కూలర్లకు మూడు పళ్ల ప్లగ్గు ఉన్నా, వైరులో రెండే తీగలుంటాయి, ఎర్త్ ఉండదు. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీసేసి, కరెంటు దారి తెగిందో లేదో చూపే మల్టీమీటరును బీప్ గుర్తు దగ్గర పెట్టండి. దాని రెండు సూదుల్లో ఒకదాన్ని ప్లగ్గులోని పెద్ద పన్నుకు, రెండోదాన్ని కూలరు రేకు మీద రంగు లేని చోటుకు ఆనించండి. బీప్ వినిపించకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు తీగల వైరు వేయించేవరకు ఆ కూలరు వాడవద్దు. గోడ సాకెట్టులో ఎర్త్ ఉందో లేదో కూడా ఆయనతోనే చూపించుకోండి. నీళ్లు పోసే ముందు స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గే తీయాలి. ఇంట్లో కరెంటు లీకైతే తనంతట తానే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉంటే దాని మీది టెస్ట్ బొత్తాన్ని నెలకోసారి నొక్కండి, వెంటనే కరెంటు పోవాలి.

చంటిపిల్లలున్న ఇంట్లో చార్జింగ్ అయ్యాక వైరును ఫోను నుంచి తీసి వేలాడదీయకండి, పిల్లలు ఆ చివర నోట్లో పెట్టుకుంటారు. చార్జరునే గోడ నుంచి తీసేయండి. ఫోను తాకినప్పుడు చురుక్కుమంటే ఆ చార్జరును ఇక వాడవద్దు. డాబా మీద పడుకునేటప్పుడు ఫోనును పరుపు మీద కాకుండా గట్టు మీద పెట్టండి.

వేసవి తర్వాత వానలు వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపు నుంచి తడిసిన వైర్లు మా దుకాణానికి సంచుల కొద్దీ వచ్చాయి. ఎండలో ఆరబెట్టాం, పనిచేస్తున్నాయి అని తెచ్చారు. కొన్నింటిని కోసి చూస్తే తీగల మీద పచ్చటి చిలుము జానెడు లోపలిదాకా పాకి ఉంది. పోగుల సందుల్లోకి నీరు దీపం వత్తిలోకి నూనెలా ఎక్కుతుంది, పైన ఎండినా లోపల ఉండిపోతుంది. వరద నీటిలో మునిగిన వైరును, జంక్షన్ బాక్సును ఎంత ఆరినా వాడవద్దు.

పరీక్షలో ఓడిన వైర్లను రెండు చివర్లా పిన్నుల దగ్గర కత్తిరించి పారేయండి. కత్తిరించకపోతే ఎవరో ఒకరు ఏరుకుని మళ్లీ చార్జింగ్‌కు పెడతారు. మా ఇంట్లో మొన్నటి ఆదివారం చాప మీద పరచినవి పదకొండు. నాలుగు ఓడిపోయాయి. కత్తెర మా అమ్మే పట్టుకుంది.