రాత్రి కెమెరా మొరాయిస్తే: కొత్తది కొనే ముందు

రాత్రి బొమ్మ బాగా లేదనగానే కాపలా (సీసీటీవీ) కెమెరా మార్చేయడం భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద అలవాటైపోయింది. ఎనిమిది మెగాపిక్సెళ్లది తెచ్చి, అదే స్తంభానికి, అదే తీగకు బిగిస్తారు. ఫిర్యాదు మాత్రం మారదు.

తెరంతా తెల్లటి పొగ కమ్మితే

గుడ్డతో అద్దం తుడవండి. చీకట్లో చూడటానికి కెమెరా వేసే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు లెన్సు ముందున్న సాలెగూడు మీద పడి వెనక్కి తిరిగిందంటే బొమ్మంతా తెల్లబోతుంది. దగ్గరగా వేలాడే కొబ్బరి మట్ట, చూరు అంచు ఉన్నా అంతే. నిచ్చెన ఎక్కి కూడా గుడ్డ పెట్టని వాళ్లకు ఏం చెప్పాలి?

పగలు బాగుండి, చీకటి పడగానే ఆగి ఆగి వస్తే

డబ్బంతా వృథా అయ్యేది ఇక్కడే. మెకానిక్ పగలు వస్తాడు, కెమెరా పిన్ను ఊడదీసి మల్టీమీటర్ పెడతాడు, 12 వోల్టులు చూసి ‘కరెంటు బాగానే ఉంది, కెమెరా పోయింది’ అని తేల్చేస్తాడు. భారం లేని తీగలో ఎప్పుడూ 12 వోల్టులే కనిపిస్తాయి.

లెక్క చూడండి. పవర్ సప్లై ఉన్న మకాం నుంచి గట్టు చివరి కెమెరాకు 50 మీటర్లు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగకు రానూపోనూ నిరోధం సుమారు 3.4 ఓములు. కెమెరా పగలు 0.2 ఆంపియర్లు తీసుకుంటే 0.7 వోల్టు పోతుంది, నష్టం లేదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి 0.7 ఆంపియర్లకు చేరితే 2.4 వోల్టులు తీగలోనే హరించుకుపోయి, కెమెరాకు 9.6 మిగులుతుంది. అది చాలక కెమెరా ఆగిపోవచ్చు. ఆగితే భారం తగ్గి మళ్లీ లేస్తుంది, దీపాలు వెలుగుతాయి, మళ్లీ ఆగుతుంది. తెల్లవార్లూ ఇదే తంతు.

చవక త్రీ ప్లస్ వన్ కేబుల్ (మూడు సన్న తీగలు, ఒక వీడియో తీగ కలిపినది) అయితే ఇంకా ఘోరం. బ్లేడుతో తీగను గీకండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, రాగి కంటే నిరోధం ఎక్కువ. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలికి పిన్ను పచ్చగా చిలుము పట్టినా ఇదే లక్షణం.

పరీక్షకు రాత్రి దాకా ఆగనక్కర్లేదు. కెమెరాకు కరెంటు అందుతుండగానే లెన్సును, వెలుగు సెన్సరును నల్లగుడ్డతో మూసి, దీపాలు వెలిగాక కెమెరా చివర వోల్టేజీ కొలవండి. 11 కంటే బాగా దిగితే దోషి తీగో, చిలుము పట్టిన పిన్నో. స్తంభం మీద వాన తగలని పెట్టెలో విడిగా అడాప్టర్ పెట్టండి, లేదా లావు రాగి తీగ లాగండి. నెట్‌వర్క్ కెమెరా అయితే పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) మంచిది. 100 మీటర్ల దాకా ఒకే కేబుల్‌లో కరెంటు, బొమ్మ రెండూ వెళ్తాయి. పవర్ సప్లై మర తిప్పి వోల్టేజీ పెంచకండి, మకాం పక్కనున్న కెమెరాలు మాడిపోవచ్చు.

నీళ్లు మాత్రమే నల్లగా ఉంటే

అది లోపం కాదు. నిశ్చలంగా ఉన్న నీరు వెలుగును అద్దంలా అవతలికే విసిరేస్తుంది. కెమెరాను గట్టు వైపు తిప్పండి.

రాత్రి మాత్రమే వచ్చే తేడాకు హార్డ్ డిస్కు, పిడుగు దెబ్బ వంటివి కారణం కావడం అరుదు. అవి చివర్లో చూసుకోవచ్చు.

ఇవన్నీ చూశాకా కొనక తప్పదంటే మెగాపిక్సెళ్లు లెక్కపెట్టకండి. ఒకే కొలత సెన్సరు మీద ఎనిమిదికంటే నాలుగు మెగాపిక్సెళ్లే చీకట్లో నయం. ఎఫ్ 2.0 లెన్సు కంటే ఎఫ్ 1.0 లెన్సు నాలుగు రెట్లు వెలుగు లోపలికి రానిస్తుంది. రాత్రి రంగుల్లో చూపిస్తామనే రకాలకు గట్టు మీద కనీసం ఒక బల్బన్నా వెలగాలి, లేదా కెమెరాకే తెల్ల దీపం ఉండాలి. ఆ దీపం తినే కరెంటునూ పై లెక్కలో కలుపుకోండి.