ప్రాగ్ క్లెమెంటినం లైబ్రరీకి వెళ్లే ముందు జాగ్రత్తలు

- టికెట్ ముందే బుక్ చేసుకోండి. ఇక్కడ సొంతంగా తిరగనివ్వరు, గైడ్ వెంటే నడవాలి. ఏ భాషలో టూర్ అన్నది టైమింగ్ పక్కనే చూసుకోండి, లేకపోతే చెక్ భాష గ్రూపులో ఇరుక్కుంటారు. మరమ్మతుల వల్ల ఏదైనా భాగం మూసి ఉందేమో కూడా వెబ్‌సైట్‌లో చూడండి.

- 1722 నాటి బరోక్ (అలంకారాలు దట్టంగా ఉండే పాత యూరప్ శైలి) లైబ్రరీ హాల్లోకి అడుగుపెట్టలేరు. గుమ్మం దగ్గర నిలబడి చూడటమే. ఇది తెలియక చాలామంది ఉసూరుమంటారు. గ్రూపులో వెనక పడితే ముందువాళ్ల భుజాలే కనిపిస్తాయి, కాబట్టి గైడ్‌ను అంటిపెట్టుకుని ఉండండి. దొరికిన ఆ కాసేపట్లో ముందు పైకప్పు చూడండి, యాన్ హీబ్ల్ వేసిన చిత్రాలు అక్కడే ఉన్నాయి. తర్వాత నడిమధ్య వరసగా ఉన్న గ్లోబులు, మెలికలు తిరిగిన చెక్క స్తంభాలు.

- హాల్లో ఫోటోలు నిషేధం. ఫోన్ జేబులోంచి తీయకండి. బతిమాలినా లాభం లేదు, పాత పుస్తకాలు మరి.

- ఇదే టూర్‌లో చూపించే క్లెమెంటినం ఖగోళ పరిశీలన టవర్‌కు 172 మెట్లు. లిఫ్ట్ లేదు. పైకి వెళ్లేకొద్దీ ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే వాళ్లతో ముందే మాట్లాడండి. చీర కన్నా చుడీదార్ నయం.

- పెద్ద బ్యాగులు హోటల్లోనే వదిలేయండి.

- శీతాకాలంలో టవర్ పైన గాలి కోసేస్తుంది. స్వెటర్ ఒక్కటే చాలదు, చెవులకు టోపీ ఉండాలి. 1775 నుంచి రోజూ వాతావరణం నమోదు చేస్తున్న చోటు అది, చలి లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది!