తక్కువ బడ్జెట్ యాడ్‌కి వీడియో ఫార్మాట్ ఎలా ఎంచుకోవాలి?

కెమెరా మెనూ తెరవకముందే క్లయింట్‌ని ఒక్క మాట అడగండి: ఈ యాడ్ ఎక్కడెక్కడ వెయ్యబోతున్నారు? టీవీలో వేసేదైతే ఛానల్ దగ్గర సాంకేతిక వివరాల పత్రం తెప్పించుకోండి. ఫ్రేమ్ రేటు, ఫైల్ రకం, ఆడియో స్థాయి అన్నీ అందులోనే ఉంటాయి.

1. రిజల్యూషన్

చివరికి ఇచ్చేది 1920×1080 ఫైలే అయినా 4కె (3840×2160)లోనే తీయండి. ముఖ్య కారణం నిలువు వెర్షన్. అడ్డం ఫ్రేమ్‌లోంచి ఫోన్ కోసం 9:16 ముక్క కత్తిరిస్తే 4కెలో 1215×2160 దక్కుతుంది. నిలువు వీడియోకి కావాల్సిన 1080×1920 అందులో హాయిగా సరిపోతుంది. 1080లో తీస్తే దక్కే వెడల్పు 607 పిక్సెళ్ల చిల్లర. దాన్ని సాగదీస్తే బొమ్మ మసకబారుతుంది. షూటింగ్ అయిపోయాక "నిలువుది కూడా ఇవ్వండి" అని అడగడం మామూలే కాబట్టి, మానిటర్ మీద 9:16 గీతలు పెట్టుకుని ముఖమూ వస్తువూ వాటి లోపలే ఉండేలా చూసుకోండి.

2. ఫ్రేమ్ రేటు

కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. 60 హెర్ట్జ్ ఉన్న చోట 30 ఫ్రేములు, 1/60. ఇది తప్పితే కొన్ని లైట్ల కింద బొమ్మ మినుకుమినుకుమంటుంది. స్లోమోషన్ షాట్లు మాత్రం 50 లేదా 60లో తీయండి.

3. బిట్ డెప్త్, కోడెక్

డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. కోడెక్ అంటే వీడియోని కుదించి ఫైలుగా దాచే పద్ధతి. బిట్ డెప్త్ అంటే ఒక్కో రంగుని ఎన్ని మెట్లలో నమోదు చేస్తుందన్నది: 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్‌లో 1024. వస్తువు వెనక సాదా గోడ మీద వెలుగు మెల్లగా తగ్గే చోట 8 బిట్ చారలు చారలుగా బయటపడుతుంది. యాడ్లలో అలాంటి నేపథ్యాలే ఎక్కువ కాబట్టి 10 బిట్ తీసుకోండి. గ్రీన్ మ్యాట్ (తర్వాత వేరే నేపథ్యం పెట్టడానికి వెనక కట్టే ఆకుపచ్చ తెర) ఉంటే, రంగు సమాచారం ఎంత దాచాలో చెప్పే సెట్టింగులో 4:2:2 తీసుకోండి. 4:2:0 కన్నా రంగు సమాచారం రెట్టింపు ఉంటుంది, జుట్టు అంచులు శుభ్రంగా తెగుతాయి. 8కె, రా ఫైళ్ల (సెన్సర్ నుంచి వచ్చే ముడి డేటా) జోలికి వెళ్లకండి. కలర్ గ్రేడింగ్ (తర్వాత రంగులు దిద్దడం) చేసే మనిషి లేకపోతే లాగ్ (దిద్దుకోవడానికి వీలుగా రంగులు వెలిసినట్టు తీసే మోడ్) కూడా వద్దు.

4. కార్డు లెక్క

కెమెరా సెకనుకి 100 మెగాబిట్లు రికార్డు చేస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ. బ్యాకప్‌కి మరో అంత చోటు ఉంచుకోండి. వీ30 (కార్డు మీద ఉండే వేగం గుర్తు) కార్డు భరోసాగా రాసేది సెకనుకి 30 మెగాబైట్లు, అంటే 240 మెగాబిట్లు. కెమెరా అంతకు మించి అడిగితే వీ60 లేదా వీ90 కావాలి.

5. ముందే పరీక్ష

అనుకున్న సెట్టింగులతో ఒక నిమిషం తీసి ఎడిటర్‌కి పంపండి. 10 బిట్ 4:2:2 హెచ్.265 (బాగా కుదించే ఒక కోడెక్) ఫైలు చాలా కంప్యూటర్లలో ఆగి ఆగి ఆడుతుంది. అలాగైతే ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి నకళ్లు) చేసుకోవాలి, లేదా ఎడిటింగ్‌కి తేలికగా ఉండే ప్రోరెస్ కోడెక్‌లోకి మార్చుకోవాలి. ఆ సమయాన్ని డెలివరీ తేదీలో ముందే కలపండి. ఆ నిమిషం క్లిప్‌నే చివరి ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, యాడ్ కనిపించబోయే స్క్రీన్ మీదే చూడండి. అక్కడ చారలు కనిపిస్తే 3వ అంచెకి వెనక్కి వెళ్లండి.