ఇంగ్లీషు తర్వాత ఇంకో భాష: ఏది నేర్చుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

"జర్మన్ మంచిదా, జపనీస్ మంచిదా?" అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఆ భాష వచ్చాక ఎవరితో మాట్లాడతారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఒకప్పుడు నా దగ్గరా లేదు. స్నేహితుడు చేరాడని నేనూ ఫ్రెంచ్ క్లాసులో చేరి ఐదో వారానికి మానేశాను. ఆ పుస్తకాలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

1. ముందు పని ఏమిటో రాసుకోండి

"ఉద్యోగం కోసం" అంటే సరిపోదు. "జర్మనీలో నర్సుగా చేయాలి", "కెనడా పీఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) కావాలి", "దుబాయ్‌లో సూపర్‌వైజర్ పని" అని రాసుకుంటే సగం గొడవ తీరిపోతుంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) జర్మన్ అడుగుతారు. పాయింట్లు చూసి పీఆర్‌కి ఎంపిక చేసే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో, ఫ్రెంచ్ వస్తే అదనంగా పాయింట్లు కలుస్తాయి. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు మాత్రం పుస్తకాల అరబిక్ పట్టుకుని కూర్చోకండి. అక్కడ సైట్లో, బజార్లో మాట్లాడే అరబిక్ వేరు.

2. ఎంతవరకు కావాలో చూసుకోండి

యూరప్ భాషలకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. ఏ1తో టీ అడగగలరు, ఉద్యోగం అడగలేరు. జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీలో లెక్క తిరగబడుతుంది: ఎన్5 సులువు, ఎన్1 కష్టం. ఇంకో సంగతి, ఆ పరీక్షలో మాట్లాడే భాగమే లేదు. సర్టిఫికెట్ చేతికొచ్చినా ఫోన్ ఎత్తాలంటే టెన్షన్ పడేవాళ్లు ఉంటారు. మాట్లాడటం విడిగా ప్రాక్టీసు చేయాల్సిందే.

3. కష్టమెంతో మన లెక్కలో చూడండి

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ జర్మన్‌కి 36 వారాలు, జపనీస్‌కి 88 వారాలు పడుతుందని చెబుతుంది. ఆ లెక్క ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం వేసింది. మనం ఈ వాక్యం చూద్దాం:

నేను రేపు స్టేషన్‌కి వెళ్తాను.
వతాషి వా అషితా ఎకి ని ఇకిమాస్.

వతాషి అంటే నేను, అషితా రేపు, ఎకి స్టేషన్, "ని" మన "కి", ఇకిమాస్ వెళ్తాను. మధ్యలో ఆ "వా" ఒక్కటే అదనం. మిగతా వరస మనదే, క్రియ చివర్నే. ఇంగ్లీషువాళ్లు తలకిందులుగా ఆలోచించాల్సిన చోట మనం మామూలుగా నడిచిపోతాం. మరి కష్టం ఎక్కడ? లిపిలో. హిరగానా 46, కతకానా 46 అక్షరాలు నెలలో వచ్చేస్తాయి గానీ, రోజువారీ వాడకానికి ప్రభుత్వం ఖాయం చేసిన కంజీలే (చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలు) 2,136 ఉన్నాయి. వాటికి ఏళ్లు పడుతుంది.

జర్మన్‌లో చదవడం త్వరగా వస్తుంది, లింగాలు ఏడిపిస్తాయి. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం. లాజిక్ వెతక్కండి, పదంతోపాటే బట్టీ పట్టండి.

4. పదిహేను రోజులు ఊరికే నేర్చుకుని చూడండి

రెండు భాషలు ఎంచుకుని ఒక్కోదానికి వారం ఇవ్వండి. రోజుకి అరగంట, యూట్యూబ్ పాఠాలు చాలు. వారం చివర్లో పాఠం చూడకుండా మీ గురించి ఐదు వాక్యాలు చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ భాషకి కూర్చోవడానికి బద్ధకం వేయలేదో మీకే తెలుస్తుంది. ఫలానా భాషకి జీతం ఎక్కువ వస్తుందన్న మాటకంటే ఈ కబురు నమ్మదగ్గది.

5. అప్పుడు క్లాసు వెతకండి

హైదరాబాద్‌లో జర్మన్‌కి గోథె సెంటర్, ఫ్రెంచ్‌కి అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నాయి. తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) చాలా విదేశీ భాషలు నేర్పుతారు. వేరే ఇన్‌స్టిట్యూట్ అయితే డెమో క్లాసులో కూర్చుని, గంటలో విద్యార్థులు ఎన్నిసార్లు నోరు విప్పారో లెక్కపెట్టండి. ఫీజు ఒక్క లెవెల్‌కే కట్టండి. మొత్తం ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటారు. నేను పడిపోయింది సరిగ్గా అక్కడే.