సిమీ మెట్లు మధ్యాహ్నం ఎక్కకండి

2024 జూన్ 5న గ్రీసులోని సిమీ దీవిలో బ్రిటన్ టీవీ డాక్టర్ మైకేల్ మోస్లీ మధ్యాహ్నం పూట ఒంటరిగా నడకకు బయల్దేరారు. ఫోన్ బసలోనే ఉండిపోయింది. నాలుగు రోజుల తర్వాత అగియా మరీనా బీచ్ దగ్గర రాళ్లలో ఆయన శవం దొరికింది. వయసు 67. ఆరోగ్యం గురించి జనానికి చెప్పడమే ఆయన పని. అదే నెలలో వేరే గ్రీకు దీవుల్లోనూ నడకకు వెళ్లిన పర్యాటకులు చనిపోయారు.

యూరప్‌లో ఉంటూ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఈ వేసవిలో గ్రీకు దీవులైన రోడ్స్, సిమీ తిప్పుదామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. టోపీ, సన్‌స్క్రీన్ సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి: "మనకి ఎండ కొత్తా?" అనుకోవడం.

మా మామయ్యగారిది గుంటూరు. రోడ్స్ నుంచి వచ్చిన టూర్ పడవ మమ్మల్ని సిమీ రేవులో దింపేసరికి పన్నెండు దాటింది. హోరియో అనే పాత ఊరు పైన కొండమీద ఉంది. రేవు నుంచి అక్కడికి కాలి స్ట్రాటా అనే రాతిమెట్ల దారి, దాదాపు 500 మెట్లు. "రెంటచింతల ఎండలు చూసినవాణ్ణి, ఇదెంతమ్మా" అంటూ మామయ్యగారు ముందు నడిచారు. సగం వరకు బాగానే ఎక్కారు. తర్వాత మాట తడబడింది. చెయ్యి పట్టుకుంటే పొడిగా కాలిపోతోంది. చొక్కా వీపున చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు. ఒక ముసలావిడ తలుపు తీసి లోపలికి లాక్కెళ్లి, మెడకి తడి తువ్వాలు చుట్టింది. ఆరోగ్య కేంద్రంలో సెలైన్ ఎక్కించాక గానీ తేరుకోలేదు.

మన ఊళ్లో ఎండ తెలిసినవాళ్లెవరూ మే నెలలో పన్నెండింటికి కొండెక్కరు. మజ్జిగ తాగి, తలుపులేసుకుని పడుకుంటారు. మనకి అలవాటైంది ఆ వేళ నీడపట్టున ఉండటం. సెలవుల్లో ఆ అలవాటునే వదిలేస్తున్నాం. పైగా సముద్రపు గాలి చెమటని వెంటనే ఆరబెట్టేస్తుంది, ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలియదు. కింద రాయి కాలుతుంది, పైన నీడ తక్కువ.

అసలు చిక్కు పడవ టైముతోనే. మిట్టమధ్యాహ్నం దింపుతారు, కొన్ని గంటల్లో తిరిగి ఎక్కాలి. ఆ టెన్షన్‌లో అందరూ నేరుగా మెట్లవైపు పరుగెడతారు. మీరు వెళ్లకండి. రేవులో నీడన కూర్చుని భోంచేయండి. హోరియోకి చిన్న బస్సు ఉంది, అందులో వెళ్లండి. వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండి పొద్దున ఏడింటికి ఎక్కండి. పసుపు, కావి రంగు ఇళ్లు వరసలు వరసలుగా రేవులోకి దిగుతున్నట్టు కనిపిస్తాయి. ఆ వేళ ఆగి చూసే ఓపిక కూడా ఉంటుంది.

దిగేటప్పుడు కూడా జాగ్రత్త. మెట్లు అరిగి నునుపెక్కాయి. రబ్బరు అడుగున్న బూట్లే వేసుకోండి, చెప్పులు వద్దు.

పైకప్పు లేని పాడుపడ్డ ఇళ్లలోకి ఫొటోల కోసం దూరకండి. 1944లో హోరియో కొండమీది కోటలోని మందుగుండు పేల్చేసినప్పుడు చుట్టుపక్కల చాలా ఇళ్లు కూలాయి. ఆ మొండిగోడల్ని నమ్మొద్దు.

భోజనంతో బీరు తాగి మెట్లెక్కొద్దు.

నీళ్లు రేవులోనే కొనుక్కోండి, మనిషికి లీటరున్నర. దాహమేసేదాకా ఆగొద్దు.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లని మెట్లే ఎక్కించకండి.

ఒంటరిగా వద్దు. ఫోన్ గదిలో వదలొద్దు.

పడవ తప్పిపోతే పోనివ్వండి, ఎండలో పరుగెత్తొద్దు.

మళ్లీ చెప్తున్నాను, పదకొండు నుంచి ఐదు దాకా ఆ మెట్లు ఎక్కకండి. గుంటూరైనా, రామగుండమైనా ఎక్కకండి.

మాట తడబడితే, పొంతన లేకుండా మాట్లాడితే నోట్లో నీళ్లు పోయకండి. నీడకి చేర్చి, మెడకీ చంకలకీ తడిగుడ్డలు పెట్టి, వెంటనే 112కి ఫోన్ చేయండి. పెద్ద ఆసుపత్రి రోడ్స్‌లో ఉంది, మధ్యలో సముద్రం. కాసేపు చూద్దామని ఆగొద్దు.